ప్యాకెట్టులోని ప్రాణం

శ్రోతలకు నమస్కారం.

యూరియా గడ్డకట్టినా యూరియాగానే ఉంటుంది. విత్తనానికి పట్టించేందుకు పొడిగా ప్యాకెట్లలో అమ్మే రైజోబియం కల్చర్ సంగతి వేరు, అందులో ఉన్నవి ప్రాణులు. వేరుశనగ, కంది, మినుము వంటి పైర్ల వేళ్లపై బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే ఈ బాక్టీరియా, మండువేసవిలో రేకుల కప్పు కింద కొన్నాళ్లు నిలవుంటే చచ్చిపోతాయి. చచ్చాక కూడా ఆ పొడి రంగు మారదు. రైతు దాన్నే బెల్లం పాకంతో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి, నమ్మకంతో విత్తుకుంటాడు.

కొనేవాడి కంటికి కనిపించని సరుకును అమ్మేటప్పుడు అమ్మేవాడి బాధ్యత ఎంత? నా దృష్టిలో ఇలా బతికున్న సూక్ష్మజీవులతో చేసే జీవన ఎరువులకు సంబంధించిన నైతిక ప్రశ్నల్లో మొదటిది ఇదే. 2006లో వీటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. పొడి రూపంలోని రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలన్నది ప్రమాణం. అయితే ఆ లెక్క ప్రయోగశాలలో తేలవలసిందే తప్ప దుకాణం గల్లాపెట్టె దగ్గర తేలేది కాదు. నత్రజని ఎరువు తగ్గించుకోమని సలహా ఇచ్చి, నిర్జీవమైన పొడిని చేతిలో పెడితే, ముందే కౌలు చెల్లించి సాగుకు దిగిన రైతు ఆ పంటకాలాన్నే నష్టపోతాడు. తయారీ తేదీ, గడువు ముద్రిస్తే సరిపోదు; తయారైన చోటి నుంచి రైతు ఇంటి వరకు చల్లగా చేర్చే పూచీ కూడా అమ్మేవారిదే కావాలి.

మరొక జాగ్రత్త ఉంది. నేలలో కలిసిన బాక్టీరియాను తిరిగి ఏరి తీయలేము. పశ్చిమ ఆస్ట్రేలియాలో బైసెరులా అనే పశుగ్రాసపు మొక్కతో పాటు దానికి తగిన బాక్టీరియాను ప్రవేశపెట్టగా, ఆరేళ్లలోనే దాని జన్యువులు కొన్ని స్థానిక బాక్టీరియాకు చేరాయి. అలా పుట్టిన రకాల్లో కొన్ని వేళ్లపై బుడిపెలు కట్టినా నత్రజనిని సరిగా అందించలేకపోయాయి. మేలు చేసే జీవి అనగానే పరీక్ష అక్కర్లేదనుకోవడం పొరపాటని ఆ అనుభవం చెబుతోంది.

అందుకే కల్చర్ పంచిపెట్టినవారు పూత దశలో మళ్లీ పొలానికి రావాలి. కల్చర్ పట్టించని విత్తనంతో రెండు సాళ్లు విడిగా వేయించి, రెండు చోట్లా మొక్కలను వేళ్లు తెగకుండా తవ్వి తీసి, రైతు ఎదుటే బుడిపెలను చీల్చి చూపాలి. లోపల ఎర్రగా ఉంటే అవి పనిచేస్తున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే, ఆ మాట కూడా దాచకుండా రైతుకు అప్పుడే చెప్పాలి.