పది రోజుల జాబితా

శ్రోతలకు నమస్కారం.

2024 మే 26, ఆదివారం. అమెరికాలో లాంగ్ వీకెండ్. అట్లాంటా శివార్లలో ఒక ఇండియన్ స్టోర్‌లో బెండకాయల కొసలు విరిచి చూస్తూ ఏరుతున్నాను. జేబులో ఫోన్ వరసగా నాలుగుసార్లు మోగింది. తీసి చూస్తే, పిట్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే మా అట్లాంటా జట్టు ఆటగాడు రొనాల్డ్ అకూన్యా దెబ్బతిని బయటికి వెళ్లిపోయాడని వార్త. మనిషి గుద్దుకోలేదు, బంతి తగల్లేదు. బేస్‌లంటే పరుగు తీసేవాడు వరసగా చేరాల్సిన మజిలీలు. రెండో బేస్ నుంచి మూడో బేస్‌కి బయల్దేరి, కుదరదనుకుని వెనక్కి తిరగబోయాడు. ఎడమ మోకాలు పట్టు తప్పింది.

నా ముఖం చూసి మా ఆవిడ “ఏమైందండీ?” అంది.

“అకూన్యా మోకాలు పోయింది.”

“అయ్యో! ఎవరు, మీ ఆఫీసులో ఆయనా?”

ఒక రకంగా ఆఫీసు వ్యవహారమే. మా ఆఫీసు వాళ్లం పన్నెండు మందిమి కలిసి ఫాంటసీ బేస్‌బాల్ ఆడతాం. ఆ ఏడాది మొదటి ఎంపిక నాకొచ్చింది. అంతకుముందు ఏడాది, 2023లో, 41 హోమ్ రన్లు, అంటే కంచె దాటే షాట్లు కొట్టి, 73 బేస్‌లు దొంగిలించిన మనిషిని కాదని ఇంకెవర్ని తీసుకుంటాం? బేస్ దొంగిలించడమంటే బంతి విసిరే పిచ్చర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరిగెత్తడం. అదే పని మీద ఉండగా అతనికి దెబ్బ తగిలింది. రాత్రికల్లా స్కాన్ ఫలితం వచ్చింది. లిగమెంట్ పూర్తిగా తెగింది, ఇక ఈ సీజన్‌లో రాడు.

మన దగ్గర డ్రీమ్ 11 పుణ్యమా అని ఫాంటసీ అన్న మాట అందరికీ తెలుసు. పొద్దున వేసిన జట్టు రాత్రికి చెల్లు. బేస్‌బాల్‌లో అలా కాదు. మార్చి నెలాఖరులో ఎంచుకున్న జట్టుతో సెప్టెంబరు చివరిదాకా కాపురం చేయాలి. ఒక్కో అసలు జట్టుకు 162 ఆటలు, దాదాపు రోజూ ఆటే. మనం ఎంచుకున్న ఆటగాళ్లు నిజం మైదానంలో చేసిందే మన లెక్కలోకి వస్తుంది. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. వాళ్లు భోజనానికి కలిసే ఫ్రెంచ్ రెస్టారెంట్ పేరు మీద దీన్ని రోటిస్సరీ అంటారు. మేం పది లెక్కలు చూస్తాం. బ్యాటర్లకు పరుగులు, హోమ్ రన్లు, దొంగిలించిన బేస్‌లు లాంటివి ఐదు, పిచ్చర్లకు ఐదు. ఒక్కో లెక్కలో పన్నెండు జట్లలో మనదెన్నో స్థానమో దాన్నిబట్టి పాయింట్లు.

సరే, అకూన్యా పోయాడు. ఆ రాత్రి నేను చేసిన పని చెబుతాను, నవ్వకండి.

మా లీగ్‌లో, అంటే మా పన్నెండు మందిలో, ఎవరి జట్టులోనూ లేని ఆటగాళ్ల కోసం ఆదివారం రాత్రి గుట్టుగా వేలం జరుగుతుంది. సీజన్ మొత్తానికి ఒక్కొక్కరికి వంద డాలర్లు, అదీ ఉత్తుత్తి డబ్బే. ఎవరు ఎంత పాడారో పొద్దున దాకా తెలియదు. ఆ వారం రెండు హోమ్ రన్లు కొట్టిన ఒక కుర్రాడి మీద నేను 41 డాలర్లు పెట్టేశాను. పొద్దున చూస్తే నా పాట తర్వాత పెద్ద పాట తొమ్మిది డాలర్లు. మూడు వారాలు తిరక్కుండానే ఆ కుర్రాణ్ని అతని అసలు జట్టు వాళ్లు కింది స్థాయి చిన్న లీగ్‌కి పంపేశారు.

తప్పు కుర్రాడిది కాదు. అకూన్యా లాంటి మనిషి బయట ఖాళీగా దొరుకుతాడని నేను వెతకడంలో ఉంది. పోయిన మనిషికి బదులు మనిషి దొరకడు. అతను తెచ్చిపెడుతున్నవాటిలో ఏది దొరుకుతుందో చూసుకోవాలి. ఆ ఏడాది మా లీగ్ గెలిచిన మా టెస్టింగ్ టీమ్ అమ్మాయి, బంతి సరిగా కొట్టడం కూడా రాని ఒక వేగంగా పరిగెత్తేవాణ్ని రెండు డాలర్లకు తెచ్చుకుంది. అతను హోమ్ రన్ కొడితే వింత. కానీ బేస్ మీదికి చేరితే చాలు, తర్వాతి బేస్‌కి పరుగే.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. సగం సీజన్ అయ్యాక బ్యాటింగ్ సగటు, అంటే వెయ్యి అవకాశాలకు ఎన్ని హిట్లు అన్నది, పెంచుకోవాలంటే చాలా కష్టం. పద్నాలుగు మంది బ్యాటర్లు సీజన్ మొత్తంలో సుమారు ఏడు వేల సార్లు బ్యాటింగ్ చేస్తారనుకుందాం. జూలైలో 250 సగటు వాణ్ని తీసేసి 300 సగటు వాణ్ని పెట్టినా, మిగిలిన 250 అవకాశాల్లో అదనంగా వచ్చేవి పన్నెండు, పదమూడు హిట్లు. జట్టు సగటు వెయ్యికి రెండు హిట్లు కూడా పెరగదు. గంగాళం పులుసులో చిటికెడు ఉప్పు. అదే పదిహేను బేస్‌లు దొంగిలించేవాడు దొరికితే మా లీగ్‌లో మూడు జట్లను దాటిపోవచ్చు. నాకిది తెలియడానికి మూడేళ్లు పట్టింది.

గాయాల వార్తలు చదవడం వేరే విద్య. పది రోజుల జాబితా అని ఒకటుంది, పిచ్చర్లకైతే పదిహేను రోజులు. దెబ్బ తగిలినవాణ్ని అందులో పెడతారు. కొత్తవాళ్లు పదకొండో రోజు నుంచి ఎదురుచూస్తారు, నేనూ చూశాను. ఆ పది రోజులు కనీస గడువు మాత్రమే, వస్తాడన్న హామీ కాదు. పక్కటెముకల దగ్గర కండరం పట్టేసిందంటే వారాల మాట. బ్యాట్ తిప్పాలన్నా, బంతి విసరాలన్నా అదే కండరం మెలిపడాలి మరి. విరిగిన ఎముకే నయం, అది అతుక్కోవడానికి ఒక లెక్కుంటుంది. 2024 జూన్ 16న బంతి తగిలి మూకీ బెట్స్ అనే బ్యాటర్ ఎడమ చేతి ఎముక విరిగింది. ఆగస్టు 12న తిరిగొచ్చాడు, ఎనిమిది వారాలు. మా లీగ్‌లో అతన్ని తన జట్టులో పెట్టుకున్నాయన టెన్షన్ పడి మూడో రోజే చవగ్గా ఇచ్చేశాడు. తీసుకున్నది ఎవరో వేరే చెప్పాలా? ఆ అమ్మాయే.

ఇక నేను భయపడే మాట ఒకటుంది: పిచ్చర్‌కి ముంజేతిలో బిగుతుగా ఉందట అన్నది. వినడానికి తైలం రాస్తే పోయేట్టుంటుంది. చాలాసార్లు దాని వెనక మోచేతి లిగమెంట్ ఉంటుంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచ్చర్‌కి ముంజేతి నుంచి స్నాయువు తీసి మోచేతిలో వేశారు. జాన్ 1976లో మళ్లీ బంతి పట్టి 1989 దాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కి అతని పేరే ఉండిపోయింది. ఇప్పటికీ కోలుకోవడానికి ఏడాది పైనే. అందుకని ముంజేయి అన్న మాట చెవినపడగానే నేను ఆ రాత్రే బదులు మనిషిని చూసుకుంటాను.

గాయపడ్డవాళ్లకు మా లీగ్‌లో విడిగా రెండే చోట్లు. మూడోవాడు మంచం పడితే బెంచీ మీద ఒక కుర్చీ పోయినట్టే. మూడు నెలలు రానివాడి కోసం ఆ కుర్చీ ఖాళీగా ఉంచితే, ఆ మూడు నెలలూ దాని మీద కూర్చోబెట్టగలిగిన పది మందిని వదులుకున్నట్టు. పేరు చూసి మొహమాటపడతాం, పెద్దాయన్ని లేవమనలేం కదా!

జూలై ఆఖరుకి ఇంకో తలనొప్పి. అసలు జట్లు ఆటగాళ్లను మార్చుకునే గడువు అప్పుడే. 2025లో ఆట చివర్లో గెలుపు కాపాడే ఇద్దరు పిచ్చర్లు ఒక్క రోజు తేడాతో జట్లు మారారు. జొవాన్ డురాన్ ఫిలడెల్ఫియా వెళ్లి అదే పనిలో కొనసాగాడు. మేసన్ మిల్లర్ శాన్ డియేగో వెళ్తే అక్కడ ఆ కుర్చీలో అప్పటికే రాబర్ట్ సువారెస్ ఉన్నాడు. మిల్లర్ ఎంత బాగా విసిరినా, ఆట ముగించే పని దక్కకపోతే మన ఖాతాలో సేవ్, అంటే గెలుపు కాపాడిన లెక్క, పడదు. ఒళ్లు బాగానే ఉంది, ఆటా బాగానే ఉంది, మనకి మాత్రం గాయమే.

అకూన్యా 2025 మే 23న అట్లాంటాలోనే తిరిగి మైదానంలోకి దిగాడు. ఎదుర్కొన్న మొదటి బంతికే హోమ్ రన్. ఆ ఏడు డ్రాఫ్ట్‌లో, అంటే సీజన్ మొదట్లో ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, అతన్ని తీసుకుని, దాదాపు రెండు నెలలు గాయాల చోటులో దాచుకున్నది మళ్లీ ఆ టెస్టింగ్ టీమ్ అమ్మాయే.

టీవీలో హడావుడి విని మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. “మీ ఆఫీసాయన మోకాలు నయమైనట్టుందే?”

“నయమైంది,” అన్నాను. “కానీ వేరే టీమ్‌కి మారిపోయాడు.”