తుపాకీ ముందా, అపనమ్మకం ముందా?

శ్రోతలందరికీ నమస్కారం. ప్రభుత్వం మీద నమ్మకం లేక జనం తుపాకీ పడతారా, తుపాకులున్నాయి కాబట్టి నమ్మకం పోతుందా అన్నది ఇవాళ్టి ప్రశ్న. ఈ మాట రాగానే అందరూ అమెరికా సంగతే ఎత్తుతారు. నాకిచ్చిన టైము తక్కువ, అందుకే అమెరికా దాకా వెళ్లకుండా ముందు మన మన్యం కొండల్లోని చింతపల్లి వెళ్దాం.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తన మనుషులతో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. ఇదంతా మీకు తెలిసిందే. నాకు ఇష్టమైన ముక్క వేరే ఉంది: ఏమేం పట్టుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు. దోచుకునేవాడు ఎక్కడైనా లెక్క రాసిస్తాడా అండీ?

మరి ఆ కొండల్లో వాళ్లకి తుపాకులంటే మోజా? కానే కాదు. అడవి చట్టాలొచ్చి పోడు చేసుకోనివ్వలేదు, ముఠాదార్ల (కొండ ఊళ్లలో శిస్తు వసూలు చేసే పెద్దల) హక్కులు పోయాయి, ఆపైన నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేస్తామని గూడెం తహసీల్దారు బాస్టియన్ జనాన్ని పనికి తోలి కూలి ఎగ్గొట్టాడు. చేసిన పనికి కూలివ్వని సర్కారుని ఎవరు నమ్ముతారు? అపనమ్మకం ముందొచ్చింది. తుపాకీ తర్వాత. మళ్లీ చెప్తున్నా, అపనమ్మకమే ముందు.

అమెరికాలో 1964లో నూటికి 77 మంది ప్రభుత్వాన్ని నమ్మేవారు, ఇప్పుడు పాతిక మంది కూడా లేరు, తుపాకులు మాత్రం 2018 అంచనా ప్రకారం వందమందికి 120. ఈ రెండింటికీ ముడి పెట్టేయాలనిపిస్తుంది కానీ స్విట్జర్లాండ్‌లో ఇళ్లలో తుపాకులూ బోలెడు, ప్రభుత్వం మీద నమ్మకమూ బోలెడు. పైగా 2019లో తుపాకీ రూల్సు బిగిద్దామా అని జనాన్నే అడిగితే ఎక్కువమంది సరే అన్నారు! అంచేత తుపాకులు లెక్కపెట్టి నమ్మకం కొలవలేమని నా అభిప్రాయం. రూలొస్తే జనం ఏం చేస్తారో చూడాలి: వెళ్లి అప్పగిస్తారా, అటక మీద దాచేస్తారా?

అటక అంటే గుర్తొచ్చింది, ఇది మన విశాఖ ఇళ్ల సంగతే. తాతగారికి లైసెన్సు తుపాకీ ఉండేది, ఆయన పోయారు, తుపాకీ బీరువాలోనే ఉండిపోయింది. స్టేషన్‌కెళ్తే ఏం కేసు పెడతారో అని టెన్షన్, అలాగే ఏళ్లు గడిచిపోతాయి. తప్పండీ! లైసెన్సుదారు పోయినా, లైసెన్సు గడువు తీరినా, ఆలస్యం చేయకుండా దగ్గర్లోని స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమ చేయాలని చట్టం చెబుతోంది. రసీదు అడిగి తీసుకోండి, అందులో తుపాకీ నంబరు, తూటాల లెక్క ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. కావాలనుకుంటే వారసులు తమ పేరున లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక్క మాట. లోపల తూటా ఉందో లేదో మనకి తెలీదు కాబట్టి దాన్ని కదపకుండా ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి, ఎలా తేవాలో కనుక్కోండి. భుజాన వేసుకుని జగదాంబ జంక్షన్ మీదుగా మాత్రం నడిచి వెళ్లకండి.