పిల్లాడికి చదువు ఎక్కడ ఆగుతోంది? ఇంట్లోనే ఇలా చూడండి

ఆ, రికార్డ్ అవుతోంది. నమస్తే అండి, మహారాష్ట్రలోని సిరోంచ నుంచి. వెనకాల మోటారు చప్పుడు వస్తే ఏమనుకోకండి, కరెంటు ఇప్పుడే వచ్చింది, పక్కింటివాళ్లు నీళ్లు పట్టుకుంటున్నారు.

కొంతమంది పిల్లలు ఉంటారు కదా, ఏడెనిమిదేళ్లు, మాటలో చురుకు, ఆటలో చురుకు, పుస్తకం తీయమంటే మాత్రం కడుపునొప్పి. అది బద్ధకమా, బడి భాష రాకనా, డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అలాంటిదేమైనా ఉందా? ఇంట్లో మనం తేల్చలేం, ముందే చెప్తున్నా. అనుమానించాలా వద్దా, అంతవరకే.

ముందు కళ్లు, చెవులు. ఒక కన్ను మూసి గోడమీది క్యాలెండర్ చదివించండి, తర్వాత రెండో కన్ను. వెనక నుంచి మెల్లగా పిలవండి. తేడా అనిపిస్తే వీడియో ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అనిపించకపోయినా ఒకసారి చూపించడం మంచిదే. అయిపోయింది, పదండి.

రెండోది శబ్దాలు. ఇది మొత్తం తెలుగులోనే, నోటితోనే. పుస్తకం వద్దు. మన దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ కదా, పిల్లాడు చదవట్లేదంటే ప్రతివాళ్లూ 'భాష కొత్త కదమ్మా, పెద్దయితే అదే వస్తుంది' అంటారు. మరాఠీ చదవడంలో తడబడుతూ, తెలుగు శబ్దాలతో మాత్రం చకచకా ఆడుకుంటుంటే అది భాష వల్లే కావచ్చు. పుట్టినప్పటి నుంచి వింటున్న తెలుగులో కూడా శబ్దాలు విడదీయలేకపోతుంటే ఇక భాష మీదికి తోసేయకండి. ఇదిగో, మా పాపతో చేస్తున్నా చూడండి. 'పలక'లో 'ప' తీసేయ్. ఆ, 'లక'. ఇప్పుడు ముందు 'చి' పెట్టు. 'చిలక'. ఇలాంటివి పదో పన్నెండో చేయించండి. మా చిన్నోణ్ని ఏడేళ్లప్పుడు ఇదే అడిగా, 'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుందిరా అని. 'బలపం' అన్నాడు. ఇంట్లో అందరం నవ్వేశాం.

మూడోది చదవడం. నేను మోసపోయింది ఇక్కడే, కాస్త ఆగుదాం. బడి పుస్తకం తీసి పాఠం చదవమన్నాను, వాడు గడగడా చదివేశాడు. వీడికేం లేదని మా అత్తమ్మకు కూడా చెప్పేశా. ఇంకో రోజు పక్కన కూర్చుని చూస్తే వేలు రెండో లైన్ మీద ఉంది, నోరు నాలుగో లైన్‌లో ఉంది. పేజీ తిప్పడం మర్చిపోయాడు, అయినా పాఠం మాత్రం ఆగలేదు! క్లాసులో విని విని మొత్తం కంఠతా పట్టేశాడన్నమాట. అప్పటికే ఆరు నెలలు పోయాయి నాకు. అందుకని బడి పుస్తకం వద్దు, బొమ్మలున్న పుస్తకం అసలే వద్దు, బొమ్మ చూసి మాట ఊహించేస్తారు. తెల్ల కాగితం మీద మరాఠీ అక్షరాల్లో పెద్దగా రాయండి, సగం తెలిసిన మాటలు, సగం అర్థంలేనివి, 'మకటి', 'బిలవు' లాంటివి. ఒకేలా కనిపించే అక్షరాలు కలపండి: ఘ, ధ. భ, మ. బ, వ, వీటికైతే మధ్యలో చిన్న గీతే తేడా. ఒకటో తరగతిలో అందరూ తికమక పడతారు, దానికి టెన్షన్ పడకండి. మూడో తరగతికి వచ్చాక కూడా ప్రతి మాటా కూడబలుక్కుంటూ, పై లైన్‌లో చదివిన మాటనే కింది లైన్‌లో కొత్తగా చూస్తుంటే రాసిపెట్టుకోండి.

ఎదురుగా పెన్ను పట్టుకుని కూర్చోకండి, పిల్లలు బిగుసుకుపోతారు. నేనైతే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి బోర్లా పెట్టేస్తా, రాత్రి తీరిగ్గా వింటా. దీనికని యాప్‌లు వద్దు, రెండు మూడు వేసి చూశా, అన్నీ ప్రకటనలే.

రాయడం తేలిక. ఐదు లైన్లు చూసి రాయించండి, ఐదు మీరు చెప్పి రాయించండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఇలా. లెక్కలకు చింతపిక్కలు. ఏడుకి రెండు కలపమంటే ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడా, అది చూడండి.

మొత్తం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. నెల తర్వాత మళ్లీ చేయండి, ఈలోపు రోజూ కాసేపు పక్కన కూర్చుని చదివించండి. అయినా అక్కడే ఉంటే బడికి వెళ్లి 'డాలి' గురించి అడగండి, డిస్లెక్సియా అనుమానం ఉందో లేదో చూసే పరీక్ష అది. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసింది, మరాఠీలో ఉంది, ఒకటి రెండు తరగతులకు ఒకటి, మూడు నుంచి ఐదుకి ఇంకొకటి, టీచర్లే చేయొచ్చు. ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఉంది, ఆ డాక్టర్లు బడికి వచ్చినప్పుడు కూడా చెప్పండి, 18 ఏళ్ల వరకు ఉచితం, చదువు ఇబ్బందులు వాళ్ల జాబితాలోనే ఉన్నాయి. వాళ్లు జిల్లా కేంద్రం గడ్చిరోలికి పంపితే వెళ్లి రావడానికి రోజంతా పోతుంది, కాబట్టి రికార్డింగులు, నోటుబుక్కులు పట్టుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా కూడా ఉంది, సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు టైమ్ ఇస్తారు.

దగ్గర కదా అని మేం మొదట నది దాటి తెలంగాణ వైపు వెళ్లాం. అక్కడ వాడి చేతిలో తెలుగు పేజీ పెట్టి చదవమన్నారు. వాడికి తెలుగు అక్షరాలే రావు! అటు వెళ్లేవాళ్లు పిల్లాడు చదివేది మరాఠీ అని ముందే చెప్పండి.

మాటల లిస్ట్ ఇదిగో, పాజ్ చేసి రాసుకోండి. మూడో మాటలో 'బ' ఉండాలి, నేనే గీత పెట్టడం మర్చిపోయా, 'వ' అయిపోయింది. దిద్దుకోండి.