స్క్రూ బయటికి తీసినప్పుడు మా పిల్లల్ని పిలవండి

(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, అధ్యాపకులు, పరిశ్రమల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న ఫ్యాక్టరీ యజమానులకు, చోటు చాలక వెనక నిలబడిన పిల్లలకు నమస్కారం. అందరి పేర్లూ చదవను, మన్నించండి. సమయం తక్కువుంది.

ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూజన్‌లో, అంటే పక్కపక్కన తిరిగే రెండు స్క్రూలతో ప్లాస్టిక్‌ను కరిగించి, కలిపి, ముందుకు తోసే పనిలో, ఇంజినీర్లకు శిక్షణ ఎట్లుండాలో చెప్పమన్నారు. జర్మనీలో బేయర్ కంపెనీలో ఎర్డ్‌మెంగర్ బృందం రూపుదిద్దిన జంట స్క్రూను వెర్నర్ అండ్ ఫ్లైడరర్ వాళ్లు 1950లలో జెడ్ఎస్‌కె పేరుతో అమ్మకానికి తెచ్చారు. చరిత్ర ఇంతటితో చాలు. ఇంకో సంగతి చెప్పాలని వచ్చాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాంపౌండింగ్ ఫ్యాక్టరీ, అంటే ప్లాస్టిక్‌లో పొడులు కలిపి గింజలుగా తీసేది. పేరెందుకులెండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో సున్నపురాయి పొడి కలుపుతున్నాం. రాత్రి షిఫ్టులో వాక్యూమ్ వెంట్, అంటే పంపుతో ఆవిరిని లాగేసే రంధ్రం, అందులోంచి కరిగిన మాలు పైకి పొంగింది. షిఫ్ట్ ఇన్‌చార్జి పంపు మెకానిక్‌ను లేపుకొని రమ్మన్నాడు. ఇంకొకరు హీటర్లు పెంచమన్నారు. పక్కనే పెద్దాయన, ఆపరేటరు, మావైపు మనిషే, ప్రెజర్ గేజీ చూపించి, "పంపుకేం కాలేదు సారూ. ముందర జాలీ మూసుకుపోయింటాది, అది చూడండి" అన్నాడు. జాలీ అంటే మాలు బయటికొచ్చే ముందు చెత్తను వడకట్టే వల. దాన్ని మార్చాం. పొంగు ఆగింది.

ఎందుకాగింది? పిల్లలూ, ఇది రాసుకోండి. ఈ మెషీన్‌లో స్క్రూ పొడవు మొత్తం ఎప్పుడూ నిండి ఉండదు. ఎంత మాలు పోవాలో, దాన్ని కొలిచి పోసే ఫీడరు నిర్ణయిస్తుంది, స్క్రూ వేగం కాదు. జాలీ మూసుకుపోయి, మాలు బయటికొచ్చే మూతి, అదే డై, దాని దగ్గర ఒత్తిడి పెరిగితే స్క్రూలో నిండిన భాగం వెనక్కి పెరుగుతూ పోయి వెంట్ దాకా వస్తుంది. అప్పుడు మాలుకు అదే దారి. హీటర్లు పెంచితే ఏమొస్తుంది? మాలును కరిగించే వేడిలో ఎక్కువ భాగం మోటారు శక్తే, స్క్రూ మీద మాలును పిసికే నీడింగ్ బ్లాకుల్లో నలిగి పుట్టేది. గంటకు 300 కిలోలు తీస్తూ మోటారు 60 కిలోవాట్లు లాగుతుంటే కిలోకు 0.2 యూనిట్ పోతున్నట్టు. రోజూ ఈ ఒక్క లెక్క రాసిపెట్టుకుంటే మెషీన్ ఆరోగ్యం సగం తెలుస్తుంది.

మర్నాడు రిపోర్టులో ఆ పెద్దాయన పేరు లేదు. "ఇంజినీరింగ్ విభాగం సమస్యను పరిష్కరించింది" అని రాశారు. అది నాకు ఈరోజుకీ మింగుడుపడదు. స్క్రూ అమరిక కాగితం చూపించమని నేను అడిగితే, అది మేనేజరు బీరువాలో ఉంది, కొత్తవాళ్లకివ్వం అన్నారు. ఏ బ్లాకు ఎక్కడుందో, మాలును వెనక్కి తోసే ఎడమ మర ముక్క, అదే ఎలిమెంట్, ఎందుకు పెట్టారో తెలియనివాడు ఆ మెషీన్ దగ్గర రాత్రంతా ఏం చేస్తాడండీ? ప్యానెల్‌లో అంకెలు చూస్తూ కూర్చుంటాడు. ఇప్పటికీ మన పిల్లలు చాలామంది అదే పని చేస్తున్నారు. వాళ్లకు తెలివి లేకనా? చూపించేవాళ్లు లేక.

ఇంకొకటి. మన పీవీసీ పైపుల ఫ్యాక్టరీల్లోనూ ఉండేది రెండు స్క్రూలే, ఎక్కువగా శంఖాకారంవి. కానీ అవి ఎదురెదురు దిక్కుల్లో, నిదానంగా తిరుగుతాయి. పీవీసీ వేడికి తట్టుకోదు, హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది. కాంపౌండింగ్‌లోవి ఒకే దిక్కున, చాలా వేగంగా తిరుగుతాయి. ఈ రెండింటినీ ఒకటే అనుకొని ఇంటర్వ్యూకు వచ్చిన డిగ్రీ పిల్లల్ని నేను చూశాను. అధ్యాపకులారా, ఈ తేడా మొదటి వారంలోనే చెప్పండి.

బేతంచెర్ల చుట్టూ సున్నపురాయి ఉంది, మంగంపేటలో ముగ్గురాయి ఉంది. రెండూ ప్లాస్టిక్‌కు ఫిల్లర్లుగా, అంటే అందులో కలిపే పొడులుగా, పనికొచ్చేవే. పొడి చేసి లారీకెత్తడంతో మన పని ఎందుకు ఆగిపోవాలి? పాలిమర్‌లో కలిపి గింజలుగా అమ్మవచ్చు. అది నడిపే ఇంజినీర్లు మనకు కావాలి.

అందుకే ముందు వరసలోని అన్నలను అడుగుతున్నా. మీ ఫ్యాక్టరీలో స్క్రూలు బయటికి తీసే రోజు ముందే తెలుస్తుంది కదా. కాలేజీకి ఒక ఫోన్ చేయండి. నలుగురు పిల్లలొస్తారు. ఎలిమెంట్లను షాఫ్టు మీంచి ఒక్కొక్కటిగా వాళ్ల చేతనే తీయించండి, తుడిపించండి, వాటి వరసను కాగితం మీద గీయించండి, మళ్లీ వాళ్ల చేతనే ఎక్కించండి. మీ ఆపరేటరును పక్కన నిలబెట్టి, పాఠం ఆయన చేత చెప్పించండి. ఆ రోజు హాజరు పట్టీలో గురువు పేరు దగ్గర ఆయన పేరే రాయండి.