సెకండ్ హ్యాండ్ చిన్న కారు: సోకుల కంటే ముందు చేయాల్సిన పనులు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కుర్రాళ్ళలో చాలామందికి ఓ కోరిక ఉంటుంది. కారు చిన్నదిగా ఉండాలి, యాక్సిలరేటర్ తొక్కితే ఎగిరి దూకాలి, జేబుకు మాత్రం చిల్లు పడకూడదు. కొత్త కార్లలో ఈ మూడూ కలిసి దొరకడం కష్టం. అందుకే చూపు పాత కార్ల మీదికి మళ్ళుతుంది. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ, 2015లో వచ్చిన అబార్త్ పుంటో, 2017లో వచ్చిన బాలెనో ఆర్ఎస్ అలా ఇప్పటికీ వెతికి మరీ కొనే కార్లు. నిజంగానే మంచి కార్లు. 1.2 లీటర్ల పోలో ఇంజన్ 105 హార్స్‌పవర్ ఇస్తే, పుంటోలోని 1.4 లీటర్ల ఇంజన్ 145 ఇస్తుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లు ఎనభై తొంభై దగ్గర ఆగిపోయిన రోజుల్లో అది చాలా ఎక్కువ.

అంత ముచ్చటపడి కొన్న కారును ఏడాది తిరక్కుండానే అమ్మకానికి పెట్టేవాళ్ళు కూడా తక్కువేం కాదు. కారు మంచిది కాదనో, మోజు తప్పనో అనుకుంటాం. నా లెక్కలో అసలు కారణం వేరు. డబ్బు ఖర్చుపెట్టిన వరుస తప్పు. కంటికి కనబడేవాటికీ చెవికి వినబడేవాటికీ ముందు పెట్టేసి, కారును ఆపే బ్రేకులకూ నేలను పట్టి ఉంచే టైర్లకూ మిగల్చకపోవడం వల్లే ఈ పశ్చాత్తాపం.

కొనే రోజు నుంచే చెప్పుకుందాం. 2022 సెప్టెంబరు వానలకు అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు పక్కన కార్లు నీళ్ళలో తేలడం మనం చూశాం. 2015లోనూ 2023లోనూ చెన్నైలో అంతకంటే ఎక్కువే మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకి పోవు. కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి అమ్మేవాళ్ళుంటారు. సీటు బెల్టును పూర్తిగా, చివరి అంగుళం దాకా బయటికి లాగి చూడండి. అందరూ బెల్టు పైభాగం కడుగుతారు, లోపల చుట్టుకొని ఉన్న భాగం జోలికి వెళ్ళరు. అక్కడ బురద చారిక కనబడితే ఇక బేరం అక్కర్లేదు. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత అడుగు చూడండి. ముందు సీట్ల కింద పట్టాలను పట్టి ఉంచే బోల్టులకు తుప్పుందేమో టార్చి వేసి చూడండి. సాధారణంగా అక్కడికి నీళ్ళు చేరవు.

గుద్దించిన బండిని పట్టుకోవడానికి పెయింటు మందం కొలిచే చిన్న మీటరు సరిపోతుంది. కంపెనీ పెయింటు ఇంచుమించు 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్ళీ రంగు వేశారని అర్థం. వెయ్యి దాటితే అడుగున పుట్టీ ఉన్నట్టే. తలుపుకో బంపర్‌కో రంగు వేయించడం ఈ ఊరి ట్రాఫిక్‌లో మామూలు విషయం, దానికి భయపడొద్దు. రూఫ్ మీదా తలుపుల మధ్య స్తంభాల మీదా ఎక్కువ అంకె వస్తే మాత్రం కారు వదిలేయండి. టైరు పక్కన గుడ్డులాంటి గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. కారు ముప్పై వేలే తిరిగిందంటారు, టైర్ల తేదీ చూస్తే మాత్రం కారు కంటే కొత్తది, అంటే ఇప్పటికే ఒకసారి మార్చి ఉంటారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడగండి.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. మీరు వెళ్ళేసరికి బానెట్ వెచ్చగా ఉంటే మర్నాడు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజన్ మొదటి రెండు మూడు సెకన్లలో గలగలమంటే టైమింగ్ చైన్ సాగిందన్న అనుమానం రావాలి. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే గొట్టం ఊడదీసి చూస్తే పల్చటి నూనె పొర ఉండొచ్చు, అది సహజం. నూనె నిలవ ఉంటే టర్బో సీళ్ళు అరిగిపోతున్నట్టు.

పోలో జీటీ టీఎస్ఐ కొనేవాళ్ళకు గేర్‌బాక్స్ గురించి విడిగా చెప్పాలి. అందులో ఉన్నది డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్. రెండు క్లచ్‌లు, రెండూ నూనెలో మునగని పొడి క్లచ్‌లే. సిల్క్ బోర్డు దగ్గర కారు అడుగడుగునా పాకుతున్నప్పుడు ఆ క్లచ్ పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. సగం జారుతూ వేడెక్కుతుంది, అరిగిపోతుంది. దాన్ని నడిపే ఎలక్ట్రానిక్, హైడ్రాలిక్ భాగాన్ని మెకట్రానిక్ అంటారు. అది పోతే బిల్లు లక్ష రూపాయలు దాటుతుంది. అందుకే టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద చేయకండి. ఇరవై నిమిషాలు గట్టి ట్రాఫిక్‌లో నడపండి. ఒకటి నుంచి రెండుకూ, రెండు నుంచి ఒకటికీ మారేటప్పుడు కుదుపు, వణుకు, రివర్స్ పడటానికి ఆలస్యం, డాష్‌బోర్డు మీద గేరు అంకె మిణుకుమనడం, వీటిలో ఏది కనబడినా స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. కొన్నాక కూడా ముందు కారుకీ మీకూ మధ్య ఖాళీ ఏర్పడనివ్వండి, అప్పుడు ఒక్కసారిగా కదలండి. ఆగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కిపెడితే క్లచ్ విడిపోతుంది, లేతగా తొక్కితే జారుతూనే ఉంటుంది. 2020లో ఈ కారుకు ఒక లీటరు ఇంజన్ వచ్చినప్పుడు ఈ గేర్‌బాక్స్ పోయి మాన్యువల్, పొడి క్లచ్‌ల బదులు నూనె ద్వారా శక్తిని అందించే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ వచ్చాయి. ఈ ఊరి ట్రాఫిక్‌కు నేనైతే వాటినే ఎంచుకోమంటాను.

ఇప్పుడు కాగితాలు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఏపీ నంబరు బండి తెచ్చుకునేవాళ్ళు చాలామంది. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచే బండికి అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. దాంతో కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలింది వెనక్కి రావాలంటే అక్కడే దరఖాస్తు చేయాలి. ఈ మొత్తాన్ని ధరలో కలుపుకొని చూస్తే చవకబేరం అనుకున్నది చవకగా ఉండదు. లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు చేతికివ్వకండి. బండి మీ పేరుకు మారిన పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

కారు ఇంటికొచ్చింది. ఇక్కడే జేసీ రోడ్డు పిలుస్తుంది. అలాయ్ చక్రాలు, స్ప్రింగులు, సైలెన్సర్, స్టిక్కర్లు. ఆ రోడ్డు మీద దొరకనిది లేదు. దయచేసి మూడు నెలలు ఆగండి. ముందు ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. పాత సర్వీసు రికార్డు ఎంత బాగున్నా సరే. ఆయిల్‌కు కిలోమీటర్ల లెక్క ఒక్కటే చాలదు. గంటకు ఇరవై కిలోమీటర్ల సగటుతో నడిచే ఊళ్ళో పదివేల కిలోమీటర్లంటే ఇంజన్ 500 గంటలు తిరిగినట్టు. అదే హైవే మీద డెబ్భై సగటుతో అయితే 143 గంటలే. టర్బో ఇంజన్ ఆయిల్ బెంగళూరులో ఏడున్నర వేల కిలోమీటర్లకే మార్చండి.

బ్రేక్ ఫ్లూయిడ్ సంగతి చాలామందికి పట్టదు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చుకొని పాతబడితే ఆ హద్దు 155కు పడిపోతుంది. నంది కొండో, మదనపల్లె దాటి హార్సిలీ కొండో ఎక్కి, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడి వచ్చేస్తుంది. ఫ్లూయిడ్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ నేలదాకా పోతుంది, కారు ఆగదు. ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి మార్చాలి. దిగేటప్పుడు రెండో గేరులో దిగాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క అలాయ్ చక్రం ధరలో చిన్న ముక్క.

ఎనిమిది పదేళ్ళ కారులో సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు, షాకబ్జార్బర్లు సగం చచ్చి ఉంటాయి. చాలామంది ఓనర్లకు తమ కారు కొత్తగా ఉన్నప్పుడు మలుపు ఎలా తిరిగేదో తెలియనే తెలియదు. తెలియకుండానే స్ప్రింగులు మార్చేస్తారు. పోలో నేలకు సుమారు 165 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నలభై మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు వేస్తే మిగిలేది 125. నలుగురు కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా ఉంటే దించిన కారూ నెమ్మదిగా దాటుతుంది. మన లేఅవుట్లలో జనం సొంతంగా పోసుకున్న అడుగు వెడల్పు దిమ్మెల మీద దాని పొట్ట రాసుకుంటుంది. పైగా గట్టి స్ప్రింగును అదుపు చేసే శక్తి పాత షాకబ్జార్బర్‌కు లేదు. అది పైకీ కిందికీ కదిలే దూరం తగ్గి, మాటిమాటికీ అడుగు తగిలి నూనె కారుస్తుంది. ముందు కంపెనీ షాకబ్జార్బర్లు, బుష్‌లు కొత్తవి వేసి అలైన్‌మెంట్ చేయించి నడపండి. చాలామందికి ఆ తర్వాత స్ప్రింగుల మీద ఆశే పోతుంది.

చక్రాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎక్కువ డబ్బు తగలబడేది ఇక్కడే. 185/60 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 15 అంగుళాలు. అంటే పక్క గోడ 111 మిల్లీమీటర్లు. దాని బదులు 205/45 ఆర్17 వేస్తే ఆ గోడ 92కు తగ్గుతుంది. మొత్తం వ్యాసం 603 నుంచి 616కు పెరుగుతుంది. అది రెండు శాతం తేడాయే, స్పీడోమీటర్‌కు పెద్ద నష్టం లేదు. నష్టమంతా తగ్గిన ఆ 19 మిల్లీమీటర్ల రబ్బరులో ఉంది. వానాకాలం వైట్‌ఫీల్డ్ గుంటల్లో ఆ దెబ్బ నేరుగా రిమ్‌కు తగిలి వంకరపోతుంది, చవకరకం పోత రిమ్ అయితే పగులుతుంది. పట్టు కావాలనుకుంటే అదే 15 అంగుళాల రిమ్ మీద 195/60 వేయండి. గోడ 117కు పెరుగుతుంది, రోడ్డూ బాగా పడుతుంది.

ఇంకో తేడా ఎవరూ చెప్పరు. పోలోలో చక్రం బిగించే హబ్ మధ్య బొడిపె 57.1 మిల్లీమీటర్లు. మార్కెట్లో అమ్మే అలాయ్‌లకు చాలావాటికి మధ్య రంధ్రం 73.1. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే చక్రం బోల్టుల మీదే వేలాడుతుంది, తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. బోల్టు తలకాయ కింద భాగం కూడా చూడాలి. కంపెనీ బోల్టుకు అది బంతిలా గుండ్రంగా ఉంటుంది. బయటి అలాయ్‌లకు ఎక్కువగా కోన్ ఆకారపు బోల్టు కావాలి. గుండ్రటి బోల్టును కోన్ గుంతలో బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుతుంది, మెల్లగా వదులవుతుంది. ఎంత బలంతో బిగించామో కొలిచే టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించి, వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూడాలి. గాలి గన్‌తో బర్రున బిగించి పంపే షాపుకు వెళ్ళకండి.

రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి శక్తి పెంచడం, దాని విషయానికొస్తే, 175 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే పోలో ఇంజన్‌ను 220, 230కి లాగేస్తారు. ఆ డీఎస్‌జీ హద్దు 250. కాగితం మీద సరిపోయింది కదా అంటారు. అరిగిన క్లచ్‌కు ఆ హద్దు వర్తించదు. పాత ప్లగ్‌లు, కాయిల్స్‌తో రీమ్యాప్ చేయిస్తే మంట తప్పుతుంది, మామూలు పెట్రోలుతో నడిపితే నాకింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండి టకటకలాడటం, వస్తుంది. తప్పదనుకుంటే ముందు కంప్రెషన్ టెస్టు, గొట్టాల లీకు టెస్టు చేయించండి. అయ్యాక నాకింగ్ వల్ల ప్లగ్ నిప్పురవ్వ టైమింగ్ ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతోందో లాగ్ తీసి ఇమ్మనండి. ఇవ్వలేనివాళ్ళకు కారు అప్పగించొద్దు.

సైలెన్సర్ గురించి రెండే మాటలు. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పీ0420 కోడుతో ఇంజన్ లైటు వెలుగుతుంది, పొగ చట్టవిరుద్ధమవుతుంది. శబ్దం పెరుగుతుంది తప్ప అనుకున్నంత శక్తి రాదు.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఓనరుకు ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర తిరకాసు పెట్టే హక్కు వాళ్ళకుంటుంది. ఏ మార్పు చేసినా ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

వేగం మీద నిజంగా మక్కువ ఉంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. హెల్మెట్, కొత్త డాట్ 4, సగానికి పైగా మిగిలిన ప్యాడ్‌లు, మంచి టైర్లు ఉంటే మీ కారు అక్కడ దానికి చేతనైనదంతా చూపిస్తుంది. మూడు నాలుగు ల్యాప్‌ల తర్వాత ఒక ల్యాప్ నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లారనివ్వండి. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకండి, వేడి బ్రేకులు అంటుకుపోతాయి. గేరులో పెట్టి, చక్రానికి రాయి ఆనించండి.

ఇప్పటికే మార్పులు చేసేసినవాళ్ళకు ఒక మాట. తీసిన స్ప్రింగులు, సైలెన్సర్, కంపెనీ అలాయ్‌లు, పాత బోల్టులు ఏవీ గుజిరీకి వేయకండి. రీమ్యాప్‌కు ముందున్న అసలు ఫైలు కూడా ట్యూనర్ దగ్గర అడిగి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. అమ్మే రోజు కారును కంపెనీ స్థితికి తెచ్చి, తీసిన భాగాలను వేరుగా అమ్మితే వచ్చే మొత్తం, అన్నీ కలిపి అమ్మితే వచ్చేదానికన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

నమస్కారం.