పాత కారు డ్యాష్‌బోర్డుకి ముడతల పెయింట్: ఆ ముడత ఎలా పడుతుంది?

[క్లోజప్: పెయింట్ మీద ముడతలు లేస్తున్నాయి]

చూస్తున్నారా, హీట్ గన్ వేడి తగలగానే నున్నటి పెయింట్ ఎలా ముడుచుకుంటోందో! దీన్నే రింకిల్ ఫినిష్ అంటారు, క్రాకిల్ అని కూడా అంటారు. 1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ తొలి మోడళ్ల స్టీల్ డ్యాష్‌బోర్డు మీద ఉన్నది ఇలాంటి నల్లటి ఫినిషే. ఎండ పడినా పెద్దగా మెరవదు, కళ్లకి కొట్టదు.

[ప్యానెల్ విప్పుతూ]

ముందు బ్యాటరీ నుంచి కారు బాడీకి వెళ్లే ఎర్త్ వైరు తీసేయండి. ఫోటోలు తీసుకుని, ప్రతి వైరుకీ పేరు రాసిన టేపు చుట్టాకే మీటర్లు విప్పండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అందుకే పొడిగా రుద్దొద్దు, మాస్క్ పెట్టుకుని నీళ్లతో తడుపుతూ రుద్దండి. తుప్పు తీయడం, పుట్టీ, జిడ్డు తుడవడం, ప్రైమర్, ఇవన్నీ మామూలు పెయింట్ పనిలాగే.

అసలు సంగతి ముడత. మూత సరిగ్గా పెట్టని పెయింట్ డబ్బాలో పైన తోలులా పొర కట్టి ముడతలు పడటం మీరు చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అదే. పై పొర ముందే ఆరి గట్టిపడుతుంది, కింద ఇంకా పచ్చిగా ఉంటుంది, సాగిన పై పొరకి పక్కకి జరిగే చోటు లేక మడతలు పడుతుంది. కింద పచ్చి పెయింట్ తగినంత లేకపోతే ముడతే రాదు.

మామూలు స్ప్రేకి అలవాటుపడిన చెయ్యి సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. కారుతుందేమోనని టెన్షన్ పడి పల్చగా కొట్టేస్తాం. నా మొదటి ప్యానెల్ మధ్యలో ఎంతో అందంగా వచ్చింది, అంచులు మాత్రం నున్నగా మిగిలిపోయాయి, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

[ప్యానెల్ బల్ల మీద పడుకోబెట్టి]

అందుకే ఇలా పడుకోబెట్టి, ధైర్యంగా మందంగా కొట్టండి. మొదటి కోటు అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది ఐమూలగా, మధ్యలో 5 నిమిషాలు ఆగుతూ. డబ్బా మీద వేరే సమయం ఉంటే దాన్నే పాటించండి. మందం పెరిగితే ముడతలు పెద్దవవుతాయి, తగ్గితే సన్నగా వస్తాయి, కాబట్టి ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి మీకు నచ్చిన మందం చూసుకోండి. వెంటనే వేడి పెట్టొద్దు, ఆ ఆవిరికి మంట అంటుకుంటుంది. గాలి ఆడే చోట కాసేపు వదిలేసి, తర్వాత హీట్ గన్‌ని దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా తిప్పండి. వంట చేసుకునే ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. పూర్తిగా గట్టిపడేదాకా వేలు పెట్టొద్దు, ముడత చదునైపోతే మళ్లీ లేవదు.

[ప్యానెల్ వెనక వైపు]

బిగించే ముందు ఇక్కడ చూడండి. చాలా పాత కార్లలో మీటర్లకి ఎర్త్ ఈ రేకు నుంచే అందుతుంది. బ్రాకెట్ తగిలే చోట పెయింట్ ఉంటే ముల్లు పిచ్చిగా ఊగుతుంది, లేదా లైటు వెలగదు. అక్కడ మాత్రం రేకు కనపడేదాకా గీకి, అప్పుడు నట్టు బిగించండి.