జమీందారు డబ్బుతో జమీందార్ల మీద సినిమా

[తెర మీద: ‘రైతుబిడ్డ’ పోస్టర్]

1939లో జమీందార్లను కడిగిపారేస్తూ ఒక తెలుగు సినిమా వచ్చింది, ‘రైతుబిడ్డ’. తీసింది సారథి ఫిలిమ్స్. ఆ కంపెనీ వెనకున్న డబ్బు ఎవరిదనుకుంటున్నారు? చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్‌ది!

ఈ విడ్డూరం సాధించినాయన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపారు. ఆయనలోని ఆ పత్రికల మనిషి సినిమాల్లోకి వచ్చాక కూడా ఎక్కడికీ పోలేదు.

[తెర మీద: ‘మాలపిల్ల’ స్టిల్స్, కాంచనమాల]

ఒక ఏడాది వెనక్కి వెళ్దాం. తెలుగులో మాటల సినిమా మొదలైంది 1932లో. అప్పట్నుంచి తెర నిండా ఎక్కువగా దేవుళ్లే, కిరీటాలే. అలాంటిది 1938లో గోడల మీద ‘మాలపిల్ల’ అని పోస్టర్ పడింది. ఆ రోజుల్లో పేరు ఒక్కటి చాలు, ఊళ్లో గొడవకి.

కథ చలం రాశారు. మాటలు తాపీ ధర్మారావు. గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి కొడుకు ఒక దళిత అమ్మాయిని ప్రేమిస్తాడు. మరోపక్క హరిజనుల ఆలయ ప్రవేశం కోసం పోరాటం. ఇది ఊహించి రాసిన గొడవ కాదండీ. ఇప్పటి కేరళలో ఉన్న తిరువాన్కూరు సంస్థానంలో 1936లోనే హరిజనులకి గుళ్లు తెరిచారు. మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1939లో, అంటే సినిమా తర్వాత. హాల్లో కూర్చున్నవాళ్లకి అది వాళ్ల ఊరి గుడి సంగతే. పైగా పాత్రలు మాట్లాడింది గ్రాంథికం కాదు, ఇంట్లో మాట్లాడుకునే తెలుగు.

నాకొక్కటే అసంతృప్తి. మంటల్లో చిక్కుకున్న శాస్త్రి భార్యను ఒక హరిజనుడు కాపాడితే గానీ శాస్త్రి మనసు మారదు. మనిషిగా చూడాలంటే ముందు ప్రాణాలు కాపాడి చూపించాలా? అయినా 1938లో ఆ మాత్రం చూపించడానికే గుండె కావాలి, ఒప్పుకుంటాను.

[తెర మీద: పొలం, ఓటు పెట్టె]

ఇక ‘రైతుబిడ్డ’. కథ రచయిత త్రిపురనేని గోపీచంద్‌ది. బళ్లారి రాఘవ వేసిన నర్సిరెడ్డి అప్పుల్లో ఉన్న చిన్న రైతు. జమీందారు మనిషికి కాకుండా రైతుల పక్షానికి ఓటేస్తాడు. అక్కడ్నుంచి మొదలవుతాయి వేధింపులు. పాటలు రాసినవాళ్లలో కొసరాజు ఒకరు, ఆయనకిదే మొదటి సినిమా. జమీందారీ చట్టాలపై ప్రకాశం కమిటీ నివేదిక ఇచ్చింది కూడా అంతకు ముందు ఏడే. వేడి మీదున్న విషయం, అందుకే దెబ్బ సూటిగా తగిలింది. జమీందార్లు మండిపడ్డారు, సినిమాపై నిషేధం పడింది.

ఆ తర్వాత ‘ఇల్లాలు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’ తీశారు. 1945లో ‘మాయాలోకం’ అనే జానపదం కూడా. నిషేధం దెబ్బతో మెత్తబడ్డారా అనిపిస్తుంది. కానీ ఆయన చివరగా ఎత్తుకున్న సినిమా చూడండి.

[తెర మీద: ‘పల్నాటి యుద్ధం’ టైటిల్స్]

‘పల్నాటి యుద్ధం’! కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ. సగంలో ఉండగానే, 1946లో రామబ్రహ్మం చనిపోయారు. మిగతాది ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసి 1947లో విడుదల చేశారు.

బ్రహ్మనాయుడిగా వేసింది గోవిందరాజుల సుబ్బారావు. ‘మాలపిల్ల’లో గుడి తలుపుకి అడ్డం నిలబడ్డ శాస్త్రి కూడా ఆయనే.